ఏడో గుండీ

ఆ శుక్రవారం పొద్దున సైదావలి ఆరు ప్లాస్టిక్ సీసాల్లో మూడొంతులు నీళ్ళు పోసి, పక్కలు నొక్కి గాలి తీసి, మూతలు బిగించి, ఫ్రిజ్ పైఅరలో వరసగా పడుకోబెట్టాడు. నిండా పోస్తే గడ్డ కట్టేటప్పుడు సీసా పగులుతుంది. ముప్ఫై ఏళ్ళు ఐసుతో కాపురం చేసినవాడికి అది ఒకరు చెప్పక్కర్లేదు. తర్వాత స్నానానికి నీళ్ళు కాచమని అబీదాకి చెప్పి, అవి కాగేలోపు వీధరుగు మీద కూర్చున్నాడు. మరి లేవలేదు.

మైథిలి తెనాలి నుంచి రైల్లో రేపల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటి నిండా జనం. ఎవరికో దాహమేసి ఫ్రిజ్ తెరిస్తే ఆరు సీసాలూ గడ్డకట్టి ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. "మనిషి పోయాడు గానీ పనితనం చూడండమ్మా" అంది పక్కింటి సుబ్బరత్నమ్మ, చెంగు నోట్లో కుక్కుకుని. మైథిలి ఒక సీసా అందుకుని, దానికి పట్టిన చెమ్మకి చీరంతా తడిసేదాకా చేతుల్లోనే ఉంచుకుంది.

అయినా ఆయన్ని తలుచుకుంటే ఆమెకి ఏడుపుకన్నా ముందు నవ్వే వస్తుంది. మొదటి పరిచయమే అట్లాంటిది.

అంతకు నాలుగేళ్ళ ముందు, ఫిబ్రవరి నెల. నిజాంపట్నం హార్బరులో చెత్త చేప గుట్ట ముందు మైథిలి కుచ్చిళ్ళు ఎగదోపుకుని పుల్లతో కెలుకుతోంది. బోట్లు తెచ్చిన సరుకులో తినడానికి పనికిరాని చిల్లరంతా అక్కడ పోస్తారు. ఎండబెట్టి, పొడి చేసి, కోళ్ళ మేతకి పంపుతారు. రేపల్లె నుంచి ట్రాలీ ఆటోలో ఐసు దిమ్మలు తెచ్చి బోట్లకి వేసే సైదావలి కాసేపు చూసి, ఆగలేక దగ్గరికొచ్చాడు.

"ఏంటి మేడమ్, ఏమన్నా పోయిందా?"

"లేదండి. పగడం వెతుకుతున్నా."

"అయ్యో! ఉంగరంతో సహా పోయిందా, రాయొక్కటేనా?"

ఆమె జవాబిచ్చేలోపే సైదావలి నలుగుర్ని కేకేశాడు. "ఒరే, మేడమ్ గారి పగడం పోయిందంట, ఇట్రండి!" పావుగంటలో గుట్ట గుట్టంతా తిరగేశారు. పోయింది ఉంగరం కాదనీ, పగడం అంటే రాయి కాదు, ప్రాణమున్న జీవి అనీ, తను తెనాలి కాలేజీలో జువాలజీ చెబుతాననీ మైథిలి విడమరిచి చెప్పేసరికి వాళ్ళ చేతులు మోచేతుల దాకా చేపల జిగురు.

సైదావలి ఏమాత్రం నొచ్చుకోలేదు. గుట్టలోంచి చొక్కా గుండీ అంత తెల్లటి బిళ్ళ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇదేనా మీరనేది? బోట్లోళ్ళు గుండీ రాయంటారండి. కాళ్ళకి గుచ్చుకుంటయ్యని తిట్టుకుంటారు."

అదే. మైథిలి నాలుగేళ్ళుగా వెతుకుతున్నది అదే.

కృష్ణమ్మ ఒండ్రు తెచ్చి పోసే ఆ తీరంలో పగడపు దిబ్బలు లేవు. అందుకే తోటి లెక్చరర్లు ఆమెని ఏడిపించేవాళ్ళు. "తెనాల్లో కూచుని పగడాల మీద పరిశోధనేంటండీ, ఎడార్లో కూచుని తామరపూలు కోసినట్టు?" ఎండ తగిలే దిబ్బల్లో పగడానికి తోడు నాచు. కంటికి కనపడనంత చిన్న నాచు దాని ఒంట్లోనే కాపురముండి, ఎండతో వంట చేసి పెడుతుంది. అరవై బారల లోతున ఎండ లేదు, రాయి లేదు, అంతా మెత్తటి బురద. అక్కడ బతికే ఈ గుండీ పగడానికి తోడు ఒక పురుగు. పగడం అడుగున చుట్ట చుట్టుకుని, చిన్న కంతలోంచి మూతి బయటపెట్టి, ఇంటిని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పగడం కూరుకుపోయి ఊపిరాడక చావకుండా పైకి లాగేది కూడా ఈ పురుగేనని మైథిలి నమ్మకం. అద్దెకున్నవాడే ఇంటిని మోసుకు తిరుగుతాడన్నమాట. దూరదేశాల సముద్రాల్లో దీన్ని చూసినవాళ్ళున్నారు. మన ఒండ్రులో ఎవరూ చూడలేదు. బతికున్న జంటని కళ్ళారా చూసి, లెక్క కట్టి చూపిస్తేనే ఆమెకి పిహెచ్‌డి. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు ఆ జూలైతో సరి.

"నేను ఏరి పెడతానండి" అన్నాడు సైదావలి. "రోజూ ఇక్కడికొచ్చేవాణ్ణే. మీరు రేపల్లె స్టేషనుకొస్తే చాలు."

"జాగ్రత్తండి. శుభ్రంగా తీసుకురావాలి."

ఆ 'శుభ్రంగా' అన్న మాట ఎందుకన్నానా అని మైథిలి తర్వాత చాలాసార్లు అనుకుంది. పురుగు సంగతి చెప్తే అసహ్యించుకుంటారేమోనని చెప్పనే లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో సైదావలి రేపల్లె స్టేషన్లో పంచదార డబ్బా ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. బోటు డ్రైవరు వీరాస్వామి లోపలి సముద్రం నుంచి బక్కెట్టు నీళ్ళలో వేసి తెచ్చిచ్చినవట. మూత తీస్తే నలభై మూడు పగడాలు మల్లెమొగ్గల్లా మెరుస్తున్నాయి.

"చూడండి మేడమ్, ముత్యాల్లా లేవూ! తెచ్చినప్పుడు ఎట్టా ఉన్నయ్యనుకున్నారు? ఒక్కోదాన్లో ఒక్కో పురుగండి, కదలాడతా. మా ఇంటిది చూసి, మేడమ్ గారికి పురుగు పట్టిన సరుకు పంపుతావా అని కేకలేసింది. డాబా మీద చేటల్లో ఎండబోశాం. బియ్యానికి పురుగు పడితే పొయ్యమా, అట్టా. సగం వాటంతటవే బయటికొచ్చినయ్యి. మిగతావి మా ఇంటిది పిన్నీసు పెట్టి లాగేసింది. రెండు రోజులు పట్టిందండి."

మైథిలి బెంచీ మీద కూర్చుండిపోయింది. "ఆ పురుగులేం చేశారండి?"

"కోళ్ళకేశాం."

తన నాలుగేళ్ళ చదువుని రేపల్లె కోళ్ళు తినేశాయని అర్థం కావడానికి ఆమెకి ఒక నిమిషం పట్టింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు చూసి సైదావలి బెదిరిపోయాడు. అప్పుడు చెప్పింది, మొదటి నుంచీ, ఏదీ దాచకుండా. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని పావుగంట విన్నాడు. విని, డబ్బాలోకి చూస్తూ అన్నాడు.

"అంటే, ఇంట్లోవాళ్ళని చంపి మీకు ఇల్లు తెచ్చిచ్చానన్నమాట."

"తప్పు నాదేలెండి. చెప్పలేదుగా."

"ఇంకెన్నాళ్ళు టైముందమ్మా?"

మేడమ్ పోయి అమ్మా అయింది అప్పుడే. ఏప్రిల్ పద్నాలుగుతో వేట ఆగుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు రెండు నెలలు బోట్లు ఆపిస్తుంది. మళ్ళీ జూన్ మధ్యలోనే. అప్పుడు దొరికినా చూసి, కొలిచి, రాసే వ్యవధి ఉండదు. ఉన్నది తొమ్మిది రోజులు.

ఆ సాయంత్రమే సైదావలి నిజాంపట్నం పోయి వీరాస్వామిని పట్టుకున్నాడు. మైథిలి కూడా వెళ్ళింది.

"బావా, ఈ ఆఖరి వేటలో గుండీ రాళ్ళు తేవాలి. పురుగులు పోకుండా."

"ఏంటీ? మొన్ననేగా పురుగులున్నయ్యని నా మీద ఇంతెత్తున లేచావు!"

"అప్పుడు చదువుకోలేదు బావా. ఇప్పుడు చదువుకున్నా."

"ఎన్నాళ్ళు చదివావేంటి?"

"రేపల్లె స్టేషన్లో పావుగంట."

వీరాస్వామి మైథిలి వైపు చూశాడు. "చూడండమ్మా, నేను చేపల వేటకి పోతన్నానా, పురుగులకి పురుడు పొయ్యటానికి పోతన్నానా?" అంటూనే ఒప్పుకున్నాడు.

లోతున చల్లగా బతికే జీవి పైకొస్తే వేడికి చస్తుంది. ఐసు వేద్దామంటే, కరిగితే అది మంచినీళ్ళు. ఉప్పునీళ్ళ ప్రాణికి మంచినీళ్ళు విషం. ఈ సంగతి మైథిలి చెప్పబోయేలోపే సైదావలి సీసాలు బయటికి తీశాడు. మంచినీళ్ళు సీసాలోనే గడ్డ కట్టి, సీసాలోనే కరగాలి, చల్లదనం మాత్రం బయటికి రావాలి. సీసాకి గోనెగుడ్డ చుట్టి, ఆ సీసాని ఉప్పునీళ్ళ డ్రమ్ములో వదలాలి. డ్రమ్ము చుట్టూ ఊక. "ఊకలో దాస్తే ఐసు మే నెల్లో కూడా రెండ్రోజులుండిద్దమ్మా" అన్నాడు. పుస్తకాల్లో ఖరీదైన యంత్రాల బొమ్మలు చూసిన మైథిలి, కాగితం తీసి ఆ డ్రమ్ము బొమ్మ గీసుకుంది.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం బోటొచ్చింది. డ్రమ్ములో పన్నెండు. బతికున్నవి ఏడు.

కాలేజీలో కరెంటు నమ్మకం లేదు, ఐసు అసలే లేదు. "మా ముందుగదిలో పెట్టమ్మా. ఐసు ఫ్యాక్టరీ నాలుగడుగులు" అన్నాడు సైదావలి. అట్లా తెనాలిలో కొన్న గాజుతొట్టి రేపల్లెలో, సైదావలి ఇంట్లో, టీవీ ఉండాల్సిన బల్ల మీదికెక్కింది. టీవీ మంచం కిందికి పోయింది. కాలేజీ అయ్యాక మైథిలి రోజూ సాయంత్రం రైలుకి వచ్చేది. వారం తిరక్కముందే ఆయన బాబాయ్ అయ్యాడు, అబీదా పిన్ని అయింది.

ఆ ఏడు రంజాన్ నెల ఏప్రిల్లో వచ్చింది. రేపల్లె ఎండ, దానికి తోడు ఒక్కపొద్దు. గుక్కెడు నీళ్ళు గొంతు దిగకుండా సైదావలి రోజంతా చల్లటి సీసాలు మార్చేవాడు. రెండు గంటలకోసారి వేడి చూసి, నోటుబుక్కులో రాయాలి. ఇరవై నాలుగు డిగ్రీలు దాటకూడదు. తెల్లారుజామున ఎటూ వంటకి లేస్తుంది గనుక ఆ లెక్క అబీదాది. పిన్నీసుతో పురుగులు లాగిన చెయ్యి తనదేనని ఆమెకి లోపల ఎక్కడో ముల్లు. అందుకని తొట్టి దగ్గర ఎవరైనా గట్టిగా తుమ్మినా ఊరుకునేది కాదు.

సైదావలికి థర్మామీటరంటే గౌరవం లేదు. నీళ్ళలో చేతి వెనకవైపు ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

"ఇరవై నాలుగున్నర."

"థర్మామీటరు ఇరవై నాలుగంటోంది బాబాయ్."

"దానికి కొత్తమ్మా. నాకు ముప్ఫై ఏళ్ళ సర్వీసు."

ఒకరోజు పట్టుదలకొచ్చి మైథిలి ఆ థర్మామీటరుని కాలేజీకి తీసుకుపోయి మరో మూడింటితో సరిచూసింది. అది అర డిగ్రీ తక్కువ చూపిస్తోంది. ఆ సాయంత్రం సంగతి తెలిశాక సైదావలి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ తన చెయ్యి చూపించాడు.

ఇక నడక. అబీదా చీరలకి మగ్గం పని చేసేది. చట్రానికి గుడ్డ బిగించే అలవాటుతో, తొట్టి మీద తెల్లదారం నిలువూ అడ్డం లాగి గళ్ళు కట్టింది. ఏడింటికీ వరస నంబర్లిచ్చి, ఏ గుండీ ఏ గడిలో ఉందో పొద్దునా సాయంత్రం రాసేవాళ్ళు. మొదటి రెండు రోజులు కదల్లేదు. మూడో రోజు మూడోది ఒక గడి దాటింది. నాలుగో రోజుకి అన్నీ తలో దారిన బయల్దేరాయి, ఇసక మీద పెన్సిల్ గీసినట్టు చారలు వదులుతూ. అంచు విరిగిన ఏడోది ఒక్కటే అందరికన్నా వెనక.

రాళ్ళు నడుస్తున్నాయని వీధంతా తెలిసింది. సుబ్బరత్నమ్మ గోరుచిక్కుళ్ళ పళ్ళెం తెచ్చుకుని తొట్టి ముందే ఈనెలు తీసేది. "మా అమ్మాయి పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంతసేపు కన్నార్పకుండా చూళ్ళేదే అబీదా. అదిగదిగో, ఆ లావుదాని మీదికి పోతంది సన్నది. గుద్దిద్దేమో!"

"గుద్దదు పిన్నిగారూ, హారన్ కొట్టిద్ది" అన్నాడు సైదావలి లోపల్నించి.

నెలాఖరుకి అసలు పరీక్ష వచ్చింది. ఏడింటినీ ఇసకలో పాతిపెట్టి, పైకి వస్తాయో రావో చూడాలి. గైడు వేంకటసుబ్రహ్మణ్యం గారు బాపట్ల నుంచి ఫోన్లోనే అన్ని నియమాలూ రాయించారు. ఈ పరీక్ష నెగ్గితే పిహెచ్‌డి పుస్తకం ఉంది, లేకపోతే లేదు. సంగతి విన్న సైదావలి ముఖం మాడిపోయింది.

"బతికున్నదాన్ని పాతిపెడతామా అమ్మా? ఒక్కపొద్దులో నా చేత ఈ పని చేయిస్తావా?"

"సముద్రంలో రోజూ జరిగేదే బాబాయ్. తుపానొస్తే ఇంతెత్తు బురద పడుతుంది."

"అక్కడ పాతేది దేవుడు. ఇక్కడ నేను."

చివరికి మైథిలే చెంచాతో ఇసక తీసి కప్పింది. సైదావలి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"గురువారం పన్నెండు నుంచి ఆదివారం పన్నెండు దాకా. డెబ్భై రెండు గంటలు" అంది మైథిలి. "ఆ తర్వాత లేచినా లెక్కలోకి రాదు."

"ఒక్క నిమిషం ఆలస్యమైతే?"

"రాదు బాబాయ్."

"మన రేపల్లె రైలు పాటి దయ కూడా లేదే!"

శుక్రవారం తెల్లారుజామున మైథిలి ఫోను మోగింది. అవతల అబీదా. "మైథిలమ్మా, ఇసక పగిలింది! వంటకి లేచి చూస్తే గీతలాగా పగిలింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నవలకుండా కూచున్నాడు!" మొదటి రైలుకి మైథిలి వచ్చేసరికి రెండోది బయటపడింది. ముందు ఇసక చిన్న పుండులా ఉబ్బుతుంది. తర్వాత బీట. బీటలోంచి అంచు. ఆ అంచు గంటకి గోరు మందం చొప్పున పైకి. శనివారం సాయంత్రానికి అయిదు. ఇఫ్తారుకి ఖర్జూరాలతో వచ్చినవాళ్ళు ఖర్జూరం చేత్తో పట్టుకుని తొట్టి ముందే నిలబడ్డారు. ఆదివారం పొద్దున ఆరోది లేచినప్పుడు సుబ్బరత్నమ్మ ఈల వేసింది. ఆవిడకి ఈల వచ్చని నలభై ఏళ్ళుగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

పన్నెండయింది. ఏడోది లేవలేదు.

"ఆరు చాలు బాబాయ్!" మైథిలి అబీదాని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "ఏడింట ఆరు! పుస్తకం అయిపోయినట్టే!" ఫోన్లో సంగతి విన్న వేంకటసుబ్రహ్మణ్యం గారు, "ఇవాళ నేను స్వీటు తింటానమ్మా, షుగరు సంగతి రేపు చూసుకుంటాను" అన్నారు.

ఇంకో మాట చెప్పాల్సి వచ్చింది. ఆరింటినీ స్పిరిట్ సీసాల్లో పెట్టి బాపట్ల తీసుకుపోవాలి. కోసి, లోపలి పురుగుల్ని చూసి, బొమ్మలు గీయాలి. సాక్ష్యం ఉండాలి.

"సీసాల్లోనా" అన్నాడు సైదావలి. కాసేపు తొట్టికేసి చూశాడు. తర్వాత తనే పోయి మెత్తగా కొట్టిన ఐసు తెచ్చాడు. "ముందు బాగా చల్లబెడదామమ్మా. మత్తుగా ఉంటయ్యి. తెలవదు." ఆ పని ఆయనే చేశాడు, ఒక్కోదాన్నీ చేతి వెనకవైపు ఆనించి చూస్తూ.

"ఆ ఇసక పారబొయ్యండి బాబాయ్. ఏడోది పోయుంటుంది" అని చెప్పి మైథిలి సాయంత్రం రైలెక్కింది. నోటుబుక్కులో ఆదివారం పన్నెండు దాకా ఉన్న పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుంది. మంగళవారం రంజాన్ పండగ. బాపట్లలో గైడు గారి ఇంట్లో సూక్ష్మదర్శిని ముందునుంచి లేవలేక ఫోను చేసింది. "నీకో సంగతి చెప్పాలమ్మా" అన్నాడు సైదావలి. "ఏంటి బాబాయ్?" "ఏం లేదులే. పండగ బాగా జరిగింది. నీ వాటా సేమ్యా ఫ్రిజ్‌లో పెట్టింది మీ పిన్ని." ఆ మే, జూన్ నెలలు రాతపని. మైథిలి రేపల్లె పోయింది మళ్ళీ జూలైలోనే. అప్పటికి తొట్టి కడిగి డాబా మీద బోర్లించి ఉంది. టీవీ బల్లెక్కింది. సేమ్యా మాత్రం లేదు. సుబ్బరత్నమ్మ తినేసిందట.

మరుసటి ఏడాది వైవా. యూనివర్సిటీ హాల్లో ఎవరైనా వచ్చి వినొచ్చు. వెనక వరసలో సైదావలి ఇస్త్రీ చొక్కాలో, అబీదా పండగ చీరలో. బయట నుంచి వచ్చిన పరీక్షకుడు ఒక్కో ప్రశ్నా తవ్వి తవ్వి అడిగాడు. ఆఖరికి కళ్ళజోడు తీసి, "అంతా బాగుంది. ఏడోది ఎందుకు లేవలేదు?" అన్నాడు.

గంటన్నర నిలబడి ఉన్న మైథిలికి నోరు జారింది. "దానికి బద్ధకం ఎక్కువ సార్."

హాలంతా గొల్లుమంది. పరీక్షకుడూ నవ్వాడు. పురుగు నీరసించి ఉండొచ్చని, అంచు విరగడమే దానికి గుర్తని ఆమె సర్దుకుని చెప్పింది. వెనక వరసలో సైదావలి మోకాళ్ళకేసి చూసుకుంటూ, భుజాలు ఊగిపోయేట్టు నవ్వుతున్నాడు. అబీదా ఆయన్ని మోచేత్తో పొడుస్తోంది. తన హాస్యం అంత బాగా పండిందా అని మైథిలి మురిసిపోయింది. డాక్టరు మైథిలి అయిందని తెలిశాక సైదావలి మొదట అడిగింది, "ఇంక సూది కూడా వేస్తావామ్మా?" అని.

ఇప్పుడు ఆయన పోయి నలభయ్యో రోజు. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. అబీదా బీరువాలోంచి అట్ట ఊడిన నోటుబుక్కు తెచ్చి మైథిలి ఒళ్ళో పెట్టింది. "ఇది నీదే కదమ్మా. ఇచ్చేస్తన్నా."

మైథిలి పేజీలు తిప్పింది. గళ్ళు, అంకెలు, అబీదా గుండ్రటి రాత, సైదావలి వంకర రాత. ఆదివారం పన్నెండు గంటలు. ఆరు. కింద తన సంతకం. ఆ పేజీ తర్వాత ఇంకేమీ ఉండదని నాలుగేళ్ళుగా ఆమె నమ్మకం.

తిప్పింది.

'మంగళవారం. పండగ. పొద్దున ఆరు. ఏడో గుండీ లేచింది. 24.'

"ఇసక పారబోస్తానని పొద్దున్నే చెంబు పట్టుకుపోయాడమ్మా" అంది అబీదా. "పోయి, పారబొయ్యకుండా నన్ను కేకేశాడు. చూస్తే, అంచు విరిగిందే! సగం బయటికొచ్చి కూచుంది."

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్దామనే ఫోనెత్తాడు. మళ్ళీ, లెక్కలోకి రాదని అమ్మాయి ముందే చెప్పిందిగా అన్నాడు." అబీదా నవ్వింది, నలభై రోజుల్లో మొదటిసారి. "అది పైకి మాటలే. చెప్తే సీసాలో పెడతావని. లెక్కలోకి రానిది సీసాలోకి మాత్రం ఎందుకు రావాలి అన్నాడు. ఎండురొయ్య నూరి, చిటికెడు చిటికెడు పెట్టేవాడు. రోజుకి ఆరు సీసాలు. ఆ ఆరు సీసాలే అలవాటైపోయినయ్యి. మొన్నటిదాకా."

మైథిలి ఇంకో పేజీ తిప్పింది. ఇంకోటి. మంగళవారం తర్వాత నలభై మూడు రోజులు, రెండు గంటలకోసారి, వంకర రాతలో ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, కరెంటు పోయింది, ఇరవై నాలుగున్నర, ఇరవై నాలుగు. వేట నిషేధం ఎత్తేసి మొదటి బోటు బయల్దేరిన రోజు దగ్గర అంకెలు ఆగిపోయాయి. కింద ఒక్క వరస.

'బుధవారం. ఏడో గుండీ వీరాస్వామి బోటెక్కింది. పురుగు బయటికి చూస్తంది.'